లీటరు డీజిలు ఎటు పోతోంది?

తెల్లవారుజామున మదనపల్లె టమాటా మార్కెట్టు దగ్గర నిలబడి చూడండి, ఎన్ని పికప్ వ్యానులు కనిపిస్తాయో! చుట్టుపక్కల పల్లెల నుంచి పెట్టెలకు పెట్టెలు టమాటాలు మోసుకొచ్చేవి అవే. మీ ఊరు మదనపల్లెకు దూరమైనా ఫరవాలేదు. పాల క్యాన్లు, సిమెంటు బస్తాలు, షామియానా కర్రలు, పెళ్లివంట పాత్రలు మోసే బండి మీ వీధిలోనూ ఒకటి ఉండే ఉంటుంది. అది మీ నాన్నగారిదో, బాబాయిదో, పక్కింటి అన్నదో కావచ్చు.

ఆ బండి మీద ఒక కుటుంబం బతుకుతోంది. బాడుగగా వచ్చిన డబ్బులో మొదటి వాటా డీజిలుది. ఆ తర్వాత నెలనెలా కట్టే ఫైనాన్సు కంతు. టైర్లు, ఇన్సూరెన్సు, రిపేర్లు పోగా మిగిలిందే ఇంటికి చేరుతుంది. బాడుగ పెంచమంటే రైతు పెంచలేడు. టమాటా ధర అతని చేతిలో లేదు గదా! డీజిలు ధర బండి యజమాని చేతిలో లేదు. అతని చేతిలో ఉన్నదల్లా అదే దూరానికి తక్కువ డీజిలు ఖర్చయ్యేలా బండిని నడుపుకోవడం, బాగు చేయించుకోవడం. అది ఎంతవరకు సాధ్యం? మెకానిక్ షెడ్డుకు వెళ్లే ముందు మీ భౌతికశాస్త్ర పుస్తకం తెరవండి. సగం జవాబు అందులోనే ఉంది.

36 మెగాజౌళ్ల కథ

ఒక లీటరు డీజిలును పూర్తిగా మండిస్తే సుమారు 36 మెగాజౌళ్ల శక్తి వస్తుంది. అంటే 3 కోట్ల 60 లక్షల జౌళ్లు. 50 కిలోల బస్తాను ఒక మీటరు ఎత్తుకు లేపడానికి 490 జౌళ్లు చాలు. లెక్క వేసుకోండి: ఒక్క లీటరు డీజిలులో 73 వేల బస్తాలను లేపగల శక్తి ఉందన్నమాట!

కాని ఆ శక్తి అంతా చక్రాలకు చేరదు. 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ పట్టణంలో రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజనును పరీక్షకు పెట్టినప్పుడు, ఇంధనంలోని శక్తిలో 26 శాతం పని రూపంలోకి మారింది. ఆనాటి ఆవిరి యంత్రాలతో పోలిస్తే అది అద్భుతం. ఇప్పటి బండ్ల డీజిలు ఇంజన్లు అనుకూల పరిస్థితుల్లో 40 శాతం దాకా అందుకుంటాయి. అయితే రోడ్డు మీద పరిస్థితులు ఎప్పుడూ అనుకూలంగా ఉండవు. గేరుబాక్సులోనూ కొంత పోతుంది. మన లెక్క కోసం సగటున 25 శాతం అనుకుందాం. అంటే లీటరుకు 9 మెగాజౌళ్లు చక్రాలకు చేరుతాయి. మిగిలిన 27 మెగాజౌళ్లు ఉష్ణంగా మారి చాలావరకు రేడియేటరు గుండా, సైలెన్సరు గుండా గాలిలో కలిసిపోతాయి. బండి బానెట్ మీద చెయ్యి పెడితే చురుక్కుమనడానికి కారణం అదే. ఈ నష్టంలో ఎక్కువ భాగం ఉష్ణశాస్త్ర నియమాల వల్ల కలిగేది. ఏ మెకానిక్కూ దాన్ని ఆపలేడు.

మనం గట్టిగా పట్టుకోవలసింది చక్రాలకు చేరిన ఆ 9 మెగాజౌళ్లను. వాటిని ఎవరు తినేస్తున్నారు?

చదునైన రోడ్డు మీద, ఒకే వేగంతో పోతున్న బండిని వెనక్కి లాగేవి రెండు బలాలు. ఒకటి టైర్ల దొర్లుడు ఘర్షణ, రెండోది గాలి నిరోధం. సరుకుతో కలిపి 3,000 కిలోల బరువున్న పికప్ వ్యానును తీసుకుందాం. మంచి రోడ్డు మీద దొర్లుడు ఘర్షణ బండి బరువులో సుమారు నూరో వంతు ఉంటుంది. అంటే దాదాపు 300 న్యూటన్లు. వేగం పెరిగినా ఇది పెద్దగా మారదు.

గాలి సంగతి వేరు. బండి వేగం రెట్టింపు అయిందనుకోండి. ఒక సెకనులో అది తోసుకుపోవలసిన గాలి రెట్టింపు అవుతుంది. ఆ గాలిలో ప్రతి భాగాన్నీ రెట్టింపు వేగంతో నెట్టవలసి వస్తుంది. రెండు రెట్లు రెండు, నాలుగు. అంటే గాలి నిరోధం వేగం వర్గానికి అనులోమానుపాతంలో పెరుగుతుంది. పికప్ వ్యానుకు ముందు భాగం నిటారుగా, వెనక తొట్టి తెరిచి ఉంటుంది కాబట్టి గాలిని చీల్చుకుపోవడంలో అది కారు కంటే మొద్దు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో గాలి నిరోధం సుమారు 175 న్యూటన్లు, 80 కిలోమీటర్ల వేగంలో సుమారు 445 న్యూటన్లు ఉంటుందని లెక్క కట్టవచ్చు.

ఇప్పుడు కూడండి. 50 వేగంలో మొత్తం బలం 475 న్యూటన్లు. ఒక కిలోమీటరు పోవడానికి చేయవలసిన పని 4 లక్షల 75 వేల జౌళ్లు. మన దగ్గర ఉన్నవి 90 లక్షల జౌళ్లు. భాగిస్తే 19 కిలోమీటర్లు. అదే 80 వేగంలో మొత్తం బలం 745 న్యూటన్లు. భాగిస్తే 12 కిలోమీటర్లు. ఇంజను అదే, టైర్లు అవే, సరుకు అదే. డ్రైవరు కుడికాలు కొంచెం కిందికి నొక్కినందుకు లీటరుకు 7 కిలోమీటర్లు పోయాయి!

నిజమైన రోడ్డు మీద ఎత్తుపల్లాలు, గుంతలు, ఆవులు, స్పీడు బ్రేకర్లు ఉంటాయి కాబట్టి 19 రావడం కష్టం. కాని తేడా ఏ దిక్కుగా ఉంటుందో, ఎంత పెద్దదో ఈ లెక్క చెబుతుంది. 60 కిలోమీటర్ల ప్రయాణంలో 80 వేగంతో పోతే 27 నిమిషాలు కలిసివస్తాయి. అందుకు చెల్లించే మూల్యం దాదాపు 2 లీటర్ల డీజిలు. టమాటాలకు వేలం మొదలైపోతోందంటే ఆ 27 నిమిషాలు విలువైనవే కావచ్చు. ఖాళీ బండితో ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఆ తొందర ఎందుకో నాకు అర్థం కాదు. అలాగని రెండో గేరులో నత్తనడక నడిపితే మైలేజీ పెరుగుతుందనుకోకండి. అప్పుడు ఇంజను తన లోపలి ఘర్షణకే ఎక్కువ ఇంధనం వాడుకుంటుంది. టాపు గేరులో, ఇంజను అవస్థపడకుండా, 45 నుంచి 55 మధ్య సాగిపోవడం మంచి పద్ధతి.

ఈ సూత్రాన్ని ఒక దేశం చట్టంగానే చేసింది. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు సరఫరా ఆపేసినప్పుడు అమెరికాలో పెట్రోలు బంకుల ముందు బారులు తీరాయి. 1974 జనవరిలో ఆ దేశం రహదారుల మీద గరిష్ఠ వేగాన్ని గంటకు 55 మైళ్లకు, అంటే సుమారు 88 కిలోమీటర్లకు పరిమితం చేసింది. 1995 దాకా ఏదో ఒక రూపంలో ఆ పరిమితి కొనసాగింది.

బ్రేకు మీద కాలు

60 వేగంతో పోతున్న మన 3,000 కిలోల బండి గతిజ శక్తి ఎంత? ద్రవ్యరాశిలో సగాన్ని వేగ వర్గంతో గుణించండి. సుమారు 4 లక్షల 17 వేల జౌళ్లు వస్తాయి. బ్రేకు నొక్కి ఆపితే అదంతా డ్రమ్ముల్లో వేడిగా మారి పోతుంది. మళ్లీ అదే వేగం అందుకోవడానికి 46 మిల్లీలీటర్ల డీజిలు కావాలి. చిన్న టీ గ్లాసులో సగం! ఇరవైసార్లు అలా ఆగితే దాదాపు ఒక లీటరు.

అందుకే అనుభవమున్న డ్రైవరు దూరంగా గేటు పడిందని చూడగానే యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీసేస్తాడు. బండి తన గతిజ శక్తితోనే గేటు దాకా దొర్లుతుంది. అయితే గేరులోనే ఉంచాలి సుమా! చాలామంది పల్లంలో న్యూట్రల్ చేస్తే డీజిలు మిగులుతుందని నమ్ముతారు. ఇప్పటి ఇంజన్లలో గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలేస్తే కంప్యూటరు ఇంధన సరఫరాను ఆపేస్తుంది. చక్రాలే ఇంజనును తిప్పుతాయి. న్యూట్రల్‌లో వేస్తే ఇంజను ఆగిపోకుండా ఉండటానికి ఇంధనం అందించక తప్పదు. పైగా ఘాట్ రోడ్డులో న్యూట్రల్ చేస్తే భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. అవి వేడెక్కి పట్టు కోల్పోతే ఇక బండి ఎవరి మాటా వినదు.

బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజను ఊరికే తిరుగుతుంటే గంటకు అటూ ఇటూగా అర లీటరు ఆవిరైపోతుంది. మార్కెట్టులో దిగుమతి అయ్యేదాకా రోజుకో గంట అలా ఉంచితే నెలకు 15 లీటర్లు.

చక్రాల దగ్గర కూర్చుని చూడండి

టైరు గుండ్రంగా ఉంటుందని మనం అనుకుంటాం. నేలకు ఆనిన చోట అది చదునుగా ఉంటుంది. చక్రం తిరుగుతున్నకొద్దీ రబ్బరులో ప్రతి భాగమూ అక్కడికి వచ్చి వంగుతుంది, దాటి మళ్లీ నిటారుగా అవుతుంది. వంచడానికి పెట్టిన శక్తి పూర్తిగా తిరిగి రాదు. కొంత రబ్బరులో వేడిగా మిగిలిపోతుంది. దొర్లుడు ఘర్షణకు అసలు కారణం ఇదే. గాలి తగ్గితే చదును భాగం పెరుగుతుంది, రబ్బరు ఎక్కువ వంగుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది. వేసవిలో లోడు బండ్ల టైర్లు పేలడానికి తరచుగా ఇదే కారణం.

గాలి తగ్గడం వల్ల దొర్లుడు ఘర్షణ పదో వంతు పెరిగిందనుకుందాం. 300 న్యూటన్లు 330 అవుతాయి. 50 వేగంలో దీని అర్థం డీజిలు ఖర్చు 6 శాతం పెరగడం. పంక్చరు షాపులో గాలి కొట్టించడానికి అయ్యే ఖర్చు ఎంత? దాని పక్కన ఈ 6 శాతం పెట్టి చూడండి.

గాలి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు దగ్గర అతికించిన కాగితం మీద గాని, బండితో ఇచ్చిన పుస్తకంలో గాని ఉంటుంది. సాధారణంగా ముందు చక్రాలకు ఒక అంకె, వెనక చక్రాలకు ఎక్కువ అంకె ఇస్తారు. ఉదయం, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. పరుగెత్తి వచ్చిన టైరులో గాలి వ్యాకోచించి పీడనం ఎక్కువగా చూపిస్తుంది. ఎక్కువ గాలి ఎక్కువ మైలేజీ గదా అని అంకె దాటించకండి. నేలకు ఆనే భాగం తగ్గి వానలో బండి జారుతుంది.

చక్రం దగ్గర మరో దొంగ దాక్కుని ఉంటాడు. బ్రేకు వదిలినా పూర్తిగా వదలని బ్రేకు! మా బడిలో పదో తరగతి కుర్రాడొకడు దొర్లుడు ఘర్షణ పాఠం విన్న మర్నాడు వాళ్ల నాన్న బండి రాగానే నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి ఆనించకుండా, దగ్గరగా పెట్టి చూశాడు. వెనక ఎడమ చక్రం దగ్గర మాత్రమే సెగ తగిలింది. షెడ్డులో విప్పితే హ్యాండ్ బ్రేకు కేబులు తుప్పు పట్టి వెనక్కి జారడం లేదని తేలింది. ఆ చక్రం 50 న్యూటన్లతో, అంటే 5 కిలోల బరువంత బలంతో పట్టి లాగుతోందనుకున్నా, 475 కాస్తా 525 అవుతుంది. డీజిలులో పదో వంతు బ్రేకు షూలను అరగదీయడానికే పోతుందన్నమాట. డ్రమ్మును మాత్రం ముట్టుకోకండి, బొబ్బలెక్కుతుంది.

ఇంకో పరీక్ష కూడా ఉంది. చదునైన సిమెంటు నేల మీద, ఇంజను ఆపి, డ్రైవరు సీటులో పెద్దవారు ఉండగా ఖాళీ బండిని తోయించండి. ఖాళీ బండి 1,700 కిలోలుంటే దొర్లుడు ఘర్షణ 170 న్యూటన్ల లోపే. ఒకసారి కదిలాక ఇద్దరు తోస్తే బండి సాఫీగా సాగిపోవాలి. నలుగురు తోసినా మొరాయిస్తే ఎక్కడో పట్టేసినట్టే. బేరింగులో గ్రీజు ఎండిపోయిందేమో, చక్రాల అలైన్‌మెంట్ చెడి టైరు పక్కకు రాసుకుంటోందేమో కూడా చూపించాలి.

ఇంజను లోపల

మైలేజీ తగ్గిందనగానే అందరూ ముందు ఎయిర్ ఫిల్టరును తిడతారు. పాత కార్బురేటరు బండ్ల విషయంలో అది కొంత నిజమే. 2009లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల కొత్తరకం పెట్రోలు కార్లలో ఫిల్టరును కావాలని మూసుకుపోయేట్టు చేసి పరీక్షించింది. వాటి మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తగ్గింది పికప్పు మాత్రమే, అంటే వేగం అందుకోవడం ఆలస్యమైంది. ఎందుకంటే లోపలికి వచ్చే గాలిని కొలిచి, దానికి తగినంత ఇంధనాన్నే కంప్యూటరు వదులుతుంది. డీజిలు ఇంజనులో ఫిల్టరు బాగా మూసుకుపోతే గాలి చాలక నల్లపొగ వస్తుంది. ఆ నలుపు కాలకుండా మిగిలిపోయిన కార్బను. టర్బో నుంచి వచ్చే రబ్బరు గొట్టం చిట్లినా, ఇంజెక్టరు నాజిలు చెడినా నల్లపొగే వస్తుంది. మన మట్టి రోడ్ల మీద తిరిగే బండికి ఫిల్టరు వేళకు మార్చడం తప్పనిసరి, అయితే అది ముఖ్యంగా ఇంజను ఆయుష్షు కోసం.

దీనికంటే నన్ను ఆశ్చర్యపరిచేది థర్మోస్టాట్ సంగతి. ఇంజను తగినంత వేడెక్కేదాకా నీటిని రేడియేటరుకు పోనివ్వకుండా ఆపే చిన్న కవాటం అది. "మన ఎండలకు ఇది ఎందుకు?" అని కొందరు దాన్ని పీకేసి పారేస్తారు. అప్పుడు ఇంజను సరైన ఉష్ణోగ్రతకు చేరడానికి చాలా సేపు పడుతుంది. చల్లని ఇంజనులో ఆయిలు చిక్కగా ఉండి ఘర్షణ పెరుగుతుంది, సిలిండరు గోడలకు ఎక్కువ ఉష్ణం పోతుంది. వంద రూపాయల్లో తేలే వస్తువు కాకపోయినా, పీకేసిన ఆ కవాటాన్ని మళ్లీ పెట్టించడం లాభసాటి. ఇంజను ఆయిలు కూడా కంపెనీ చెప్పిన గ్రేడుదే పోయించాలి. చిక్కగా ఉంటే మంచిదని వేరే రకం పోయిస్తే ఇంజను ఆ జిగటను కలుపుకుంటూ తిరగాలి.

మార్పులు, చేర్పులు

పికప్ వ్యాను వెనక తలుపు దించి నడిపితే గాలి సాఫీగా పోతుందనీ, మైలేజీ పెరుగుతుందనీ చాలామంది అనుకుంటారు. వినడానికి సబబుగానే ఉంది. గాలి సొరంగాల్లో పరీక్షిస్తే మాత్రం వేరే కథ బయటపడింది. తలుపు మూసి ఉన్నప్పుడు తొట్టిలో గాలి సుడిగా తిరుగుతూ ఒక దిండులా నిలుస్తుంది. క్యాబిను మీదుగా వచ్చే గాలి ఆ దిండు మీదుగా జారిపోతుంది. తలుపు దించితే ఆ దిండు చెదిరిపోతుంది. మూసి ఉంచితేనే మేలు. సరుకు మీద పట్టాను బిగించి కట్టడం ఇంకా మేలు. టపటప కొట్టుకునే పట్టా ప్రతి దెబ్బకూ కొంత డీజిలు తింటుంది.

క్యాబిను మీద ఖాళీగా ఉన్న క్యారియరును దించండి. ముందు బిగించిన ఇనుప బుల్ బారును తీసేయండి. బరువు, గాలి నిరోధం రెండూ తగ్గుతాయి. ప్రమాదంలో పాదచారులకు హాని అని 2017 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం వాటిని తొలగించాలని రాష్ట్రాలను ఆదేశించింది కూడా. కంపెనీ ఇచ్చిన దానికంటే వెడల్పు టైర్లు వేయడం అందానికి తప్ప మైలేజీకి పనికిరాదు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బి.ఎస్.6 బండ్లలో పొగలోని మసిని పట్టే వడపోత ఉంటుంది. దాన్ని పీకేస్తే మైలేజీ వస్తుందని ఎవరైనా చెబితే వినకండి. అది చట్టవిరుద్ధం, ఆ మసి చేరేది మన ఊపిరితిత్తుల్లోకే.

ఇక అయస్కాంతాలు! ఇంధన గొట్టానికి అయస్కాంతం బిగిస్తే 20 శాతం ఆదా అని సంతల్లో అమ్ముతారు. అమెరికా పర్యావరణ సంస్థ ఇలాంటి పరికరాలను వందకు పైగా పరిశీలించింది. మైలేజీని చెప్పుకోదగ్గంతగా పెంచేది ఒక్కటీ దొరకలేదు. కారణం మీరే ఆలోచించగలరు. ఇంధనాన్ని "ఇంకా బాగా మండిస్తాం" అని అమ్మేవారు అంటారు. బాగా ఉన్న డీజిలు ఇంజనులో 98 శాతానికి పైగా ఇంధనం ఇప్పటికే మండిపోతోంది. మిగిలిన 2 శాతంలోంచి 20 శాతం ఆదా ఎలా తీస్తారు?

కొలిచి చూడండి

పైన చెప్పిన వాటిలో ఏది పనిచేసిందో తెలియాలంటే కొలవాలి. ట్యాంకు నిండా పోయించి, మీటరు అంకె రాసుకోండి. బండి మామూలుగా తిరగనివ్వండి. మళ్లీ అదే బంకులో నిండా పోయించి, పట్టిన లీటర్లూ కొత్త అంకె రాయండి. తిరిగిన దూరాన్ని లీటర్లతో భాగించండి. ఒక్కసారి కొలిచి తీర్పు చెప్పకండి. కనీసం నాలుగైదు ట్యాంకుల సగటు కావాలి. ఒక మార్పు చేశాక దాని ఫలితం కొలిచేదాకా రెండో మార్పు చేయకండి. సరుకు బరువు, ఏ దారిన వెళ్లిందీ పక్కన రాస్తే ఇంకా మంచిది.

రోజుకు 120 కిలోమీటర్ల చొప్పున ఏడాదికి 300 రోజులు తిరిగే బండికి 36,000 కిలోమీటర్లు అవుతాయి. మైలేజీ 12 అయితే 3,000 లీటర్లు. 14 అయితే 2,571 లీటర్లు. తేడా 429 లీటర్లు. లీటరు 95 రూపాయలనుకుంటే 40 వేల రూపాయలు దాటింది! గాలిలోకి పోయే కార్బన్ డయాక్సైడు కూడా సుమారు 1,150 కిలోలు తగ్గుతుంది. లీటరు డీజిలు కిలో కూడా తూగదు, దాని నుంచి 2.7 కిలోల వాయువు ఎలా వస్తుందని అనుమానమా? కార్బను 12 గ్రాములైతే దానితో కలిసే ఆక్సిజను 32 గ్రాములు. ఆ బరువు గాలి నుంచి వచ్చింది.

చివరగా మీకొక లెక్క. ఒకాయనకు రెండు బండ్లున్నాయి. రెండూ ఏడాదికి 36,000 కిలోమీటర్లే తిరుగుతాయి. పాత బండి మైలేజీ 10, బాగు చేయిస్తే 12 అవుతుంది. కొత్త బండి మైలేజీ 14, బాగు చేయిస్తే 16 అవుతుంది. చేతిలో డబ్బు ఒక్క బండికే ఉంది. రెండింటికీ పెరిగేది లీటరుకు 2 కిలోమీటర్లే గదా, ఏదైనా ఒకటే అంటారా? భాగహారం చేసి చూడండి. పాత బండిలో 3,600 లీటర్లు 3,000 అవుతాయి, 600 మిగులుతాయి. కొత్త బండిలో 2,571 లీటర్లు 2,250 అవుతాయి, మిగిలేవి 321. ముందు షెడ్డుకు వెళ్లవలసింది పాత బండే.